విదేశంలో ఇంగ్లీషు బోధించబోయే చిరంజీవికి: టికెట్టు ఎవరిది, వైద్యం ఎవరిది?

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నియామక పత్రం రెండుసార్లు చదివాను. జీతం, పని గంటలు, సెలవులు వివరంగానే రాశారు కానీ ప్రయాణ ఖర్చుల గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, వైద్యం గురించి అంత కూడా లేదు, ‘బీమా వర్తిస్తుంది’ అని ముగించారు. నాకు తెలిసినంతలో విదేశాల్లో ఇంగ్లీషు చెప్పడానికి వెళ్లినవారికీ పాఠశాలలకూ మధ్య తగాదాలు జీతం దగ్గర కంటే ఈ రెండింటి దగ్గరే ఎక్కువగా వస్తాయి. ఖర్చు ఎవరు భరిస్తారని నువ్వు అడిగావు. దానితో పాటు ఆ డబ్బు ముందుగా ఎవరి చేతి నుంచి పోతుంది, మధ్యలో ఉద్యోగం మానేస్తే ఎవరు ఎవరికి తిరిగి కట్టాలి అన్నవి కూడా అడగాలి. ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా సంతకం చేయవద్దు.

విమాన ఖర్చు మేమే ఇస్తామని అందరూ అంటారు, ఇచ్చే తీరు మాత్రం ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటుంది. ఇంగ్లీషు చెప్పడానికి విదేశీయులను బడులకు రప్పించే జెట్ అనే ప్రభుత్వ పథకం జపాన్‌లో 1987 నుంచి నడుస్తోంది, అందులో వెళ్లే టికెట్టు వాళ్లే ఏర్పాటు చేస్తారు. తిరుగు టికెట్టు కూడా ఇస్తారు గానీ ఒప్పందం పూర్తి చేసి, ఆ తర్వాత నెలలోపు బయలుదేరి, జపాన్‌లోనే మరో ఉద్యోగంలో చేరకుండా ఉన్నవారికే ఇస్తారు. దక్షిణ కొరియా ప్రభుత్వ పాఠశాలలకు ఉపాధ్యాయులను తీసుకునే ఎపిక్ పథకంలో టికెట్టు మనమే కొనుక్కోవాలి. చేరాక అక్కడి కరెన్సీలో 13 లక్షల వాన్లు, ఒప్పందం ముగించుకుని వెళ్లేటప్పుడు మరో 13 లక్షల వాన్లు భత్యంగా ఇస్తారు, మొదటి ఆరు నెలల్లోనే మానేస్తే మొదటి భత్యం వెనక్కి కట్టాలి. స్పెయిన్ ప్రభుత్వం నడిపే భాషా సహాయకుల పథకంలో వైద్య బీమా వాళ్లు ఇస్తారు, విమాన ఖర్చు మాత్రం పూర్తిగా మనదే. ఇలాంటి ప్రభుత్వ పథకాలు కొన్ని దేశాల పౌరులకే పరిమితం కావడం మామూలే కాబట్టి నీకు ఇవి అందకపోవచ్చు. అయినా ఒక ప్రైవేటు పాఠశాల నీ ముందు పెట్టిన షరతులు న్యాయమైనవో కావో పోల్చి చూడడానికి ఇవి పనికివస్తాయి.

ప్రైవేటు పాఠశాలల్లో నేను ఎక్కువగా చూసిన పద్ధతి వేరు. టికెట్టు నువ్వు కొనాలి, ఆ సొమ్ము ఏడాది పూర్తయ్యాక చివరి జీతంతో కలిపి ఇస్తారు. అంటే ఆ ఏడాది పాటు పాఠశాలకు నువ్వు వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టే. పైగా పదకొండో నెలలో నిన్ను తీసేస్తే అది వస్తుందా రాదా అన్నది ఒప్పందంలో రాసిన ఒక్క పంక్తి మీద ఆధారపడి ఉంటుంది. అందుచేత సగం చేరిన నెలలోనే ఇవ్వమని అడుగు, చాలామంది ఒప్పుకుంటారు. గరిష్ఠ పరిమితి ఎంత, ఏ కరెన్సీలో లెక్కిస్తారు, అదనపు సామాను రుసుము అందులో కలుస్తుందా, నీ ఊరి నుంచి విమానాశ్రయం దాకా అయ్యే ఖర్చు లెక్కలోకి వస్తుందా అన్నవి కూడా ముందే తేల్చుకో. టికెట్టు రసీదు, బోర్డింగ్ పాసు దాచి ఉంచు, అవి లేకపోతే డబ్బు ఇవ్వనివాళ్లు ఉన్నారు. పాఠశాల తన తప్పు వల్ల ఒప్పందం రద్దు చేసినా తిరుగు టికెట్టు ఇస్తుందని ఒక వాక్యం రాయించుకో.

గల్ఫ్ దేశాలకు వెళ్లే ఆలోచన ఉంటే అక్కడ ఈ విషయాలు కొంతవరకు చట్టమే తేల్చింది. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణ ప్రకారం నియామక రుసుములు, నివాస అనుమతి అయిన ఇకామా, వర్క్ పర్మిట్, వాటి పునరుద్ధరణ, పని ముగిశాక స్వదేశానికి టికెట్టు యజమాని భరించాలి. ఉద్యోగి పనికి అనర్హుడని తేలినా, సరైన కారణం లేకుండా తనంతట తాను వెళ్లిపోతానన్నా తిరుగు ఖర్చు అతనిదే. యూఏఈలో 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం నియామక ఖర్చులను ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా 1997 నాటి 181వ ఒప్పందంలో ఏజెన్సీలు ఉద్యోగార్థుల దగ్గర రుసుము తీసుకోరాదన్న సూత్రం పెట్టింది, 2019లో ఇచ్చిన నిర్వచనంలో వైద్య పరీక్షలు, బీమా, ప్రయాణ ఖర్చులను కూడా నియామక ఖర్చుల్లో చేర్చింది. అన్ని దేశాలూ దీన్ని అమలు చేయడం లేదు. అయినా ‘వీసా ప్రాసెసింగ్’ పేరుతో ఏజెంటు డబ్బు అడిగినప్పుడు అది లోకాచారమని నమ్మి ఇవ్వవలసిన పని లేదు.

వైద్యం సంగతి ఇంతకంటే చిక్కైనది, ఎందుకంటే అది ఒకే ఖర్చు కాదు. బయలుదేరే ముందు వీసా కోసం చేయించుకునే ఆరోగ్య పరీక్ష, టీకాలు సాధారణంగా అభ్యర్థి జేబులోంచే పోతాయి. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు పూర్తి కావడానికి మామూలుగా ఆరు నెలలు పడుతుంది. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే దాని ధ్రువపత్రం చెల్లుబాటవుతుంది. కాబట్టి డబ్బుతో పాటు సమయం కూడా చూసుకోవాలి.

చేరాక అసలు బీమా మొదలవుతుంది. తైవాన్ జాతీయ ఆరోగ్య బీమాలో ఉద్యోగి ప్రీమియంలో 60 శాతం యజమాని, 30 శాతం ఉద్యోగి, 10 శాతం ప్రభుత్వం కడతాయి. దక్షిణ కొరియాలో యజమాని, ఉద్యోగి చెరి సగం. జపాన్‌లో బీమా ఉన్నా చికిత్స ఖర్చులో సాధారణంగా 30 శాతం రోగే కట్టాలి. దుబాయ్‌లో 2013 నాటి చట్టం ప్రకారం ఉద్యోగి బీమా యజమాని బాధ్యత, ఆ ప్రీమియం జీతంలోంచి కోయకూడదు. కుటుంబాన్ని వెంట తెచ్చుకుంటే వాళ్ల బీమా మాత్రం వాళ్లకు వీసా స్పాన్సర్ చేసినవారి మీద పడుతుంది. కొరియాలోని కొన్ని ప్రైవేటు ఇంగ్లీషు సంస్థలు బీమాలో తమ సగం వాటా తప్పించుకోవడానికి ఉపాధ్యాయులను ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగా చూపుతాయి. మొదటి జీతపు చీటీలో 3.3 శాతం పన్ను ఒక్కటే కోసి, ఆరోగ్య బీమా, పెన్షన్ కోతలు కనబడకపోతే ఆ రోజే అడగాలి.

అందరూ మరిచేది విమానం దిగిన రోజుకూ బీమా కార్డు చేతికి వచ్చే రోజుకూ మధ్య ఉండే ఖాళీ. నివాస కార్డు వస్తేగానీ బీమాలో నమోదు చేయని చోట్లు ఉన్నాయి, దానికి కొన్ని వారాలు పట్టవచ్చు. నాతో పనిచేసిన ఒక యువకుడు ఆ వారాల్లోనే కాలు విరిగి ఆసుపత్రిలో చేరాడు, బిల్లు మొత్తం అతనే కట్టుకున్నాడు, పాఠశాల వైపు నుంచి సానుభూతి తప్ప మరేమీ రాలేదు. బీమా ఏ తేదీ నుంచి వర్తిస్తుందో పత్రంలో రాయించుకో. ఆ తేదీ చేరిన రోజు కాకపోతే మధ్య కాలానికి నువ్వే పాలసీ తీసుకో, కానీ ఉద్యోగం కోసం వెళ్లేవారిని మినహాయించే ప్రయాణ పాలసీలు ఉంటాయి కాబట్టి ఆ నిబంధన చదివి కొను. పాత జబ్బులు, పళ్ల చికిత్స, కళ్లద్దాలు, తీవ్రమైన స్థితిలో విమానంలో స్వదేశానికి తరలించే ఖర్చు, చెప్పడానికి మనసొప్పకపోయినా, మరణిస్తే దేహాన్ని ఇంటికి చేర్చే ఖర్చు పాలసీలో ఉన్నాయో లేవో చూడు. చివరి రెండూ పాఠశాల ఇచ్చే చవక పాలసీల్లో తరచుగా ఉండవు, ఆ రెండింటి కోసమైనా సొంత పాలసీ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఈ వారంలో పాఠశాలకు మర్యాదగా ఒక ఈమెయిలు రాయి. టికెట్టు సొమ్ము ఏ తేదీన ఇస్తారో, బీమా ఏ తేదీన మొదలవుతుందో, ప్రీమియంలో నీ వాటా ఎంతో, ముందుగా మానేస్తే ఏమేమి తిరిగి కట్టాలో అడుగు. వాళ్లు ఫోనులో జవాబు చెబితే, చెప్పిన సంగతులన్నీ మళ్లీ ఈమెయిల్లో రాసి పంపి ‘సరే’ అనిపించుకో. అది వచ్చాక నాకు పంపించు. వీసా చేతికి వచ్చేదాకా మాత్రం టికెట్టు కొనవద్దు.