పుర్రె బొమ్మ వస్తే కంగారు పడాలా?

పోయిన నెల ఒకావిడ "మా అబ్బాయి మెసేజ్‌లో అక్షరం ముక్క లేదు, అన్నీ బొమ్మలే, ఎవరైనా చదివి పెడతారా" అని అడిగితే రెండు వాక్యాల్లో ఏదో చెప్పి ఊరుకున్నాను. ఆ దెబ్బతో ఈ నెల వచ్చినవన్నీ అవే ఉత్తరాలు. జుట్టు రాలడం గురించీ అద్దె గొడవల గురించీ అడిగినవాళ్ళు ఏమీ అనుకోకండి, ఈసారి పేజీ మొత్తం ఎమోజీలకే ఇచ్చేస్తున్నా. నాకు నలభై ఆరేళ్ళు కాబట్టి అనుమానం వచ్చిన ప్రతిచోటా ఇంటర్ చదివే మా మేనకోడల్ని అడిగి రాశాను. తను చెప్పినదాంట్లో సగం వచ్చే ఏడాదికి పాతబడిపోతుందని కూడా తనే చెప్పింది.

ప్రశ్న: మా అమ్మాయి ఘట్‌కేసర్ వైపు హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతోంది. మా అత్తగారు పళ్ళ సెట్టు పెట్టుకోకుండా ఫోన్లో బ్యాంకువాళ్ళతో అరగంట పోట్లాడిన సంగతి ఫ్యామిలీ గ్రూపులో రాస్తే, అమ్మాయి 💀💀😭 అని పెట్టింది. పుర్రెలూ ఏడుపూ చూసి నా గుండె ఆగినంత పనైంది. రాత్రి పదకొండుకి వార్డెన్‌కి ఫోన్ చేశాను. తప్పు చేశానా?
- ఒక అమ్మ, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ వార్డెన్‌గారికి సారీ చెప్పండి. మీ అమ్మాయి పగలబడి నవ్విందండీ, అంతే. పుర్రె అంటే "నవ్వలేక చచ్చాను" అని. మనం నోటితో అనేదే కదా, వాళ్ళు బొమ్మతో అంటున్నారు. పక్కనున్న ఏడుపు కూడా నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళు తిరిగిన ఏడుపే.

మరి నవ్వుతూ కన్నీళ్ళు కార్చే 😂 ఉండగా ఇదంతా ఎందుకు అంటారా? ఆ బొమ్మ ఒకప్పుడు మహారాజే. 2015లో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీవాళ్ళు ఆ ఏడాది మాటగా ఏ మాటనీ కాకుండా దాన్ని ఎంచుకున్నారు. తర్వాత మనం అందరం, అంటే పిన్నులు, బాబాయిలు, స్కూలు గ్రూపుల్లో టీచర్లు, ఒక్కో జోకుకీ ఆరేసి చొప్పున దాన్నే పంపడం మొదలెట్టేసరికి పిల్లలు మెల్లగా వేరే వీధికి సామాను సర్దుకున్నారు. ఇప్పుడు 😂 వరసగా కనిపిస్తే అవతల పెద్దవాళ్ళున్నారని వాళ్ళకి లెక్క.

పుర్రెలో కూడా రకాలున్నాయి. మీరు చెప్పిన కథ కింద వస్తే నవ్వు. తన సంగతే తను చెప్పుకుని పెడితే, అంటే "ఈరోజు ల్యాబ్‌లో సార్‌ని నాన్నా అని పిలిచేశా 💀" లాంటిదైతే, పరువు పోయింది, సిగ్గుతో చచ్చాను అని. ఒంటరి పుర్రె పొడి నవ్వు, వరసగా నాలుగైతే మంచం మీద దొర్లుతున్నట్టు. అదే ఏడుపు బొమ్మ "తాతయ్యకి ఒంట్లో బాగోలేదు" అన్న మెసేజ్ కింద వస్తే మాత్రం నిజం ఏడుపే. అందుకే పై వాక్యం చదవకుండా కింది బొమ్మని చదవకండి, వార్డెన్లకి నిద్ర ఉండదు.

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా టీమ్ లీడ్ నాకంటే పదేళ్ళు చిన్న. లీవు అడిగితే "ఓకే 🙂" అని పెట్టాడు. ఇష్టంగా ఇచ్చినట్టా, కోపంగా ఇచ్చినట్టా? నేను 👍 పెట్టాను, దాంతో ఇంకా మూతి ముడుచుకున్నాడు.
- పేరు వద్దు

జవాబు: ఈ 🙂 ఉంది చూశారూ, పెదవి మాత్రం నవ్వుతుంది, కళ్ళు నవ్వవు. మన వయసువాళ్ళు మర్యాదకి పెడతారు, పాతికేళ్ళవాళ్ళ మధ్య మాత్రం "కానివ్వండి, మీ ఇష్టం" అని పళ్ళు బిగబట్టి అన్నట్టుంటుంది. మీ లీడ్ ఏ వాడకం అలవాటున్నవాడో మిగతా మెసేజ్‌లు చూసి తేల్చుకోండి. "గుడ్ మార్నింగ్"కీ అదే పెడుతుంటే ఏమీ లేదు. ఎప్పుడూ పళ్ళికిలించే 😁 పెట్టేవాడు ఆరోజే దీనికి మారితే, ఆ రోజు రిలీజ్ ఏదో ఉందేమో కనుక్కోండి.

ఇక మీ బొటనవేలు. మీ దృష్టిలో "సరే, థాంక్స్". చిన్నవాళ్ళ చెవికి అది "ఊఁ, ఇక చాలు" అని తలుపు వేసినట్టు వినిపిస్తుంది. అలాగని మరీ తేలిగ్గా పెట్టేది కూడా కాదు. కెనడాలోని సస్కాచెవాన్‌లో ధాన్యం కొనే సంస్థ ఒక రైతుకి అవిసెల కొనుగోలు ఒప్పందం ఫోటో తీసి పంపి "ఖాయం చేయండి" అంటే ఆయన 👍 పెట్టాడు, తర్వాత అవిసెలు ఇవ్వలేదు. "అందింది అని పెట్టానంతే" అన్నాడు. 2023లో కోర్టు అది సంతకం కిందే లెక్క అని చెప్పి దాదాపు 82 వేల కెనడా డాలర్లు కట్టమంది. ఇంటి ఓనరు వాట్సాప్‌లో అద్దె పెంపు రాసినప్పుడు మీ వేలు కొంచెం ఆగితే మంచిది.

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్కల మాస్టర్ని. రోజూ పొద్దున్నే అపార్ట్‌మెంట్ గ్రూపులో 🙏🌹🌹 పెడతాను. మా మనవడు అది దండం కాదు, ఇద్దరు చేతులు చరుచుకోవడం అంటున్నాడు. ఎవరు కరెక్టు?
- సైనిక్‌పురి

జవాబు: మీరే కరెక్టు మాస్టారూ. దాని అధికారిక పేరే జోడించిన చేతులు. పుట్టింటికి వెళ్ళినా అంతే. ఎమోజీ అన్న మాట జపాన్‌ది. ఎ అంటే బొమ్మ, మొజి అంటే అక్షరం, ఇంగ్లిష్ ఎమోషన్‌తో చుట్టరికం లేదు. 1999లో డొకోమో అనే ఫోన్ కంపెనీ కోసం షిగెతాకా కురితా అనే ఆయన 176 బొమ్మలు తయారుచేశాడు, ఒక్కోటీ పన్నెండు చుక్కల పొడవు, పన్నెండు చుక్కల వెడల్పు. లెక్కల మాస్టారు కదా, 144 గళ్ళలో గొడుగు గీసి చూడండి ఎంత కష్టమో! అవి ఇప్పుడు న్యూయార్క్‌లోని మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. జపాన్‌లో ఈ జోడించిన చేతులు "దయచేసి" అనడానికీ "ధన్యవాదాలు" అనడానికీ వాడతారు.

అయితే మీ మనవడి ఫోన్లో ఇంకో దండం కూడా ఉంటుంది, అది మీకు చూపించడు. ఎవడైనా అర్ధరాత్రి మూడోసారి అదే డౌట్ అడిగితే "నీకో దండం రా బాబూ, వదిలెయ్" అని 🙏😭 పెడతారు. మీ గులాబీలు మీరు కానివ్వండి.

ప్రశ్న: మావాడి ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటే చూశాను (కావాలని కాదు). స్నాప్‌చాట్‌లో ఒక అమ్మాయి పేరు పక్కన 🔥214, దాని పక్కన ⏳ ఉంది. ఆ మంటేంటి, ఆ గడువేంటి?
- ఒక నాన్న, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: కావాలని కాదు అన్నారు కాబట్టి నమ్ముతున్నా. అది మీవాడు పెట్టింది కాదు, ఆ యాప్ తనంతట తనే చూపించేది. ఇద్దరూ రోజూ ఒకరికొకరు తప్పకుండా ఒక ఫోటోనో వీడియోనో పంపుకుంటే అన్నిరోజుల లెక్క మంట పక్కన పడుతుంది, స్ట్రీక్ అంటారు. ఇసుక గడియారం వచ్చిందంటే ఈరోజు కోటా ఇంకా పంపలేదు, లెక్క తెగిపోబోతోందని హెచ్చరిక. ఆ ఫోటోల్లో ఏముంటుంది అంటే, మా మేనకోడలి సాక్ష్యం ప్రకారం, ఎక్కువసార్లు సీలింగ్ ఫ్యాను. 214 రోజులు క్రమం తప్పలేదంటే మెచ్చుకోవాలో, ఆ క్రమం లెక్కల పుస్తకం మీద చూపించనందుకు తిట్టాలో మీ ఇష్టం. ఈసారి మాత్రం ఫోన్ని గోడవైపు తిప్పి ఛార్జింగ్ పెట్టండి.

ప్రశ్న: గుత్తి వంకాయ కూర చేశానని చెబుతూ 🍆💦 పెట్టాను, నీళ్ళ చుక్కలు కడిగి వండానని తెలియాలని. మా కోడలు గ్రూపులోంచి అర్జెంటుగా తీసేయమంది. ఎందుకు?
- మల్కాజిగిరి

జవాబు: కోడలు మంచిది, మాట వినండి. ఇంగ్లిష్ కుర్రకారు ఆ కాయని బూతు చేసి కూర్చోబెట్టారు, పక్కన నీళ్ళ చుక్కలు పడితే ఇంకా దారుణం. పీచ్ పండుదీ అదే గతి. కూర ఫోటో పెట్టండి, నోరూరుతుంది, పరువూ ఉంటుంది.

ప్రశ్న: మా అక్క "రాత్రంతా చదివా" అని పెడితే నేను 🧢 పెట్టా. అమ్మ అది చూసి "ఎండలో టోపీ పెట్టుకోమంటోంది, ఎంత ప్రేమో" అని మురిసిపోయింది. చెప్పాలా వద్దా?
- బోడుప్పల్

జవాబు: చెప్పకు. మిగతావాళ్ళకి: అమెరికా కుర్రాళ్ళ మాటల్లో క్యాప్ అంటే అబద్ధం, కోతలు. మనకిది అరువు తెచ్చుకోవాల్సిన పని కూడా లేదు, "టోపీ పెట్టాడు" అని మనం ఎప్పటినుంచో అంటూనే ఉన్నాం. నీలం రంగు కన్ను బొమ్మ 🧿 గురించి కూడా ముగ్గురు అడిగారు. అది దిష్టి తగలకుండా. గుమ్మడికాయ కట్టినట్టే.

ప్రశ్న: అమీర్‌పేట్‌లో కోచింగ్ తీసుకుంటున్నా. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి "చాయ్? 🥺👉👈" అని పెట్టింది. రెండు రోజులుగా నిద్ర లేదు. ఇది అదేనా?
- వయసు 20

జవాబు: బతిమాలే కళ్ళు, ఎదురెదురుగా ఆనుకున్న రెండు చూపుడువేళ్ళు. అడగాలంటే సిగ్గేస్తోంది, కాదనవు కదా అని అర్థం. మొదట్లో నిజం సిగ్గుకే వాడారు, ఇప్పుడు ముప్పావు వంతు నాటకం. నోట్స్ కావాలన్నా, రికార్డు రాసిపెట్టమన్నా, బండి మీద మెట్రో స్టేషన్ దాకా దింపమన్నా ఇదే మూడు బొమ్మల సెట్టు. కాబట్టి తమ్ముడూ, బొమ్మని రెండు రోజులు భూతద్దంలో చూసే బదులు, అదే సెట్టు బ్యాచ్‌లో ఇంకెంతమందికి వెళ్ళిందో, బిల్లు ప్రతిసారీ నువ్వే కడుతున్నావో చూడు. తను కట్టి, ఉస్మానియా బిస్కెట్ కూడా తెప్పించిందంటే అప్పుడు మళ్ళీ ఉత్తరం రాయి. ఇంతకీ రెండు రోజులైంది అన్నావు, చాయ్‌కి వెళ్ళావా లేదా?

ప్రశ్న: డీటీపీ పని చేస్తాను. మా అమ్మాయి ఫోన్లో ఒకే బొమ్మగా ఉన్న మండే గుండె ❤️‍🔥 నా పాత ఫోన్లో గుండె వేరు, మంట వేరుగా వస్తోంది. ఒక్కోసారి ఖాళీ డబ్బాలు. ఎందుకు?
- చిక్కడపల్లి

జవాబు: మీరు డీటీపీ కాబట్టి మీకే బాగా అర్థమవుతుంది. మనకి క, ష కలిస్తే క్ష అయినట్టు, ఇక్కడ గుండె, మంట మధ్య కంటికి కనపడని అతుకు ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ జాయినర్ అని. మనిషికీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఆ అతుకు పడితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తయారు. కొత్త ఫోన్ ఆ అతుకుని చదవగలుగుతుంది, పాతది చదవలేక విడివిడిగా పరుస్తుంది, అసలు బొమ్మే దాని దగ్గర లేకపోతే డబ్బా. ఈ అతుకుకి ఒక తోబుట్టువుంది, నాన్ జాయినర్. "సాఫ్ట్‌వేర్"లో వ ఒత్తు కింద పడకుండా మీరు రోజూ కొట్టేది అదే. 2018 ఫిబ్రవరిలో ఆ తోబుట్టువుతో కలిసిన మన జ్ఞా అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి, తర్వాత అప్‌డేట్ ఇచ్చి సర్దారు. తెలుగు అక్షరానికి భయపడ్డారు అని నేను ఇప్పటికీ గొప్పలు చెప్పుకుంటాను.

ప్రశ్న: మా గ్రూపులో ప్రతి ఆదివారం 🍗🍛🔥❓ వస్తుంది. బిర్యానీకి సొంత ఎమోజీ లేదా? జవాబుల్లో ఎవరు వస్తున్నట్టు, ఎవరు రానట్టు?
- టోలిచౌకి

జవాబు: లేదు, హైదరాబాదుకి ఇంతకంటే అవమానం ఏముంటుంది. ఆటో, చీర, గుడి, ప్రమిద 2019లోనే వచ్చేశాయి, బిర్యానీ మాత్రం ఇంకా బయటే నిలబడి ఉంది. మీరు వాడుతున్న ఆ పళ్ళెం జపాన్‌వాళ్ళ కర్రీ రైస్. జవాబులకి వస్తే, 🏃💨 పెట్టినవాడు బయల్దేరాడు, 💸 పెట్టినవాడికి నెలాఖరు. 🫠 పెట్టినవాడు ఇంట్లో చుట్టాలొచ్చి ఇరుక్కుపోయాడు. 👀 పెట్టినవాడు ఊరికే చూస్తున్నా అంటాడు, డబ్బులు వేయమంటే వేయడు, తీరా పార్సిల్ విప్పేసరికి గుమ్మంలో ఉంటాడు. వాడికి కూడా కలిపి చెప్పండి.