ప్రశ్నలు-జవాబులు: ఎడ్నాకి పెళ్ళెందుకు కాలేదు?

ఇరవై రెండేళ్ళు ప్రకటనలు రాశాను. ఇప్పుడు వాటి చరిత్ర చదువుకుంటున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: మిషెలిన్ స్టార్ వచ్చిన రెస్టారెంట్ అంటుంటారు. మిషెలిన్ అంటే టైర్ల కంపెనీ కదా? రెండూ ఒకటేనా, పేరు మాత్రమే కలిసిందా?
- హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థి

జవాబు: రెండూ ఒకటే. 1900లో ఫ్రాన్స్ మొత్తం మీద మూడు వేల కార్లు కూడా లేవు. కారు తిరిగితేనే టైరు అరుగుతుంది, అరిగితేనే ఇంకొకటి కొంటారు. అందుకని ఆండ్రే, ఎడ్వార్ మిషెలిన్ అన్నదమ్ములు ఒక చిన్న పుస్తకం వేశారు. టైరు ఎలా మార్చాలి, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, మెకానిక్ ఎక్కడుంటాడు, రాత్రికి ఎక్కడ బస చేయొచ్చు, అన్నీ అందులో ఉన్నాయి. దాదాపు 35,000 కాపీలు ఉచితంగా పంచారు. అంటే కార్లకు పది రెట్లకు పైగా పుస్తకాలు! తర్వాత ఒక టైర్ల షాపులో ఆ పుస్తకాలను పనిబల్ల కింద ఎత్తు కోసం పెట్టి ఉండగా ఆండ్రే చూశాడని చెబుతారు. 1920 నుంచి వాటికి ధర పెట్టారు. మంచి భోజనం పెట్టే రెస్టారెంట్లకు ఆ పుస్తకంలో మొదటి స్టార్లు 1926లో ఇచ్చారు, రెండు, మూడు స్టార్లు ఇవ్వడం 1931లో మొదలైంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్ళు. నోరు వాసన వస్తుందేమోనని ఒకటే టెన్షన్. ఎవరితోనూ దగ్గరగా నిలబడి మాట్లాడడు. డెంటిస్టు ఏమీ లేదన్నారు. ఈ భయం ప్రకటనలు పుట్టించిందే అంటాడు మా తమ్ముడు. నిజమేనా?
- ఒక తల్లి

జవాబు: మీ తమ్ముడి మాటలో చాలా నిజం ఉందమ్మా. నోటి వాసన ఎప్పుడూ ఉన్నదే. దాన్ని ఇంత పెద్ద భయంగా పెంచింది మాత్రం ప్రకటనలే.

లిస్టరిన్ అనే మౌత్‌వాష్‌ని 1879లో అమెరికాలో తయారుచేసింది పుక్కిలించడానికి కాదు, ఆపరేషన్లప్పుడు క్రిములను చంపడానికి. సర్జన్ జోసెఫ్ లిస్టర్ పేరే దానికి పెట్టారు. 1914 నుంచి డాక్టరు చీటీ లేకుండా అమ్మడం మొదలుపెట్టారు. 1920ల్లో దాన్ని తయారుచేసే కంపెనీకి చెందిన జెరార్డ్ లాంబర్ట్ దృష్టిలో ‘హాలిటోసిస్’ అనే పాత వైద్య పదం పడింది. లాటిన్‌లో ‘హాలిటస్’ అంటే ఊపిరి. ‘నోటి కంపు’ అని పత్రికలో వేస్తే అసహ్యంగా ఉంటుంది, హాలిటోసిస్ అంటే జబ్బు పేరులా వినిపిస్తుంది.

అప్పుడు పుట్టింది ఎడ్నా. ప్రకటనలో ఆమె కథ రాశారు. తోటి అమ్మాయిలందరికీ పెళ్ళిళ్ళు అయిపోతున్నాయి. ఎడ్నా ఎప్పుడూ తోడు పెళ్ళికూతురే, పెళ్ళికూతురు మాత్రం కాలేదు. ముప్ఫై దగ్గరపడుతోంది. కారణం ఆమె నోటి వాసన! అది నీకు తెలియదు, నీ ప్రాణస్నేహితులు కూడా చెప్పరు అన్నారు. నా లెక్కలో అన్నిటికంటే క్రూరమైన మాట ఇదే. ఎవరైనా చెబితే జబ్బు ఉన్నట్టు. ఎవరూ చెప్పకపోతే అది కూడా ఉన్నట్టే. తప్పించుకునే దారే లేదు.

అదే మందు జలుబుకి, గొంతునొప్పికి కూడా పనిచేస్తుందని దశాబ్దాల పాటు చెప్పారు. 1975లో తప్పుడు ప్రకటనలను అడ్డుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ‘లిస్టరిన్ జలుబును గానీ గొంతునొప్పిని గానీ ఆపదు, తగ్గించదు’ అని ప్రకటనల్లోనే ఒప్పుకోమంది. ప్రకటనలకు దాదాపు కోటి డాలర్లు ఖర్చయ్యేదాకా ఆ మాట ఉండాలని ఆదేశించింది. కంపెనీ కోర్టుకెళ్ళింది. 1977లో కోర్టు ఆ ఆదేశాన్ని సమర్థించింది కానీ, ఆ వాక్యం మొదట్లో ఉండాల్సిన ‘గతంలో చేసిన ప్రకటనలకు విరుద్ధంగా’ అన్న ముక్కను మాత్రం తీసేయించింది. ఆ చిన్న ముక్క ఉంటేనే కదా, ఇంతకుముందు చెప్పింది తప్పని చదివేవాళ్ళకు తెలిసేది! ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఇది నాకు ఎందుకు అంత పట్టిందంటే, ఒకప్పుడు నేనూ ఒక ఫేస్ క్రీముకి ‘పదిహేను రోజుల్లో మచ్చలు మాయం’ అని రాశాను. ఎవరినీ అడగలేదు, పరీక్షించిన కాగితం చూడలేదు. రెండు నెలల తర్వాత ఆఫీసుకి ఒక కవరు వచ్చింది. అందులో చివరిదాకా పిండేసిన ఖాళీ ట్యూబు, ‘ఇంకెన్ని రోజులు?’ అని రాసిన చీటీ. ఆ రెండు ముక్కలకి జవాబు రాయలేకపోయాను. అప్పటినుంచి రుజువు చూడకుండా ఒక్క అంకె కూడా రాయలేదు.

మీ అబ్బాయికి ఎడ్నా కథ చెప్పండి. ఆమెను ఒక ఆఫీసులో కూర్చుని కల్పించారని చెప్పండి. అప్పటికీ భయం పోకపోతే, సిగ్గుపడకుండా ఒకసారి కౌన్సెలర్‌కి చూపించండి.

ప్రశ్న: టీవీలో మొదటి ప్రకటన దేనికి? ఎంతయింది?
- క్విజ్ పోటీలకు సిద్ధమవుతున్న అమ్మాయి

జవాబు: అమెరికాలో అనుమతితో వచ్చిన మొదటి వాణిజ్య ప్రకటన బులోవా గడియారాలది. 1941 జూలై 1న న్యూయార్క్‌లో, ఒక బేస్‌బాల్ ఆటకు ముందు వేశారు. తెర మీద అమెరికా మ్యాపు, దాని మీద గడియారం, అంతే. ఖర్చు 9 డాలర్లు.

ప్రశ్న: మేము తయారుచేసే వస్తువుని కొన్నవాళ్ళు మేము చెప్పిన పనికి కాకుండా వేరే పనికి వాడుతున్నారు. ప్రకటనలో ఇంకా గట్టిగా చెప్పాలా?
- చిన్న వ్యాపారి

జవాబు: వద్దండీ, ముందు వాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి. క్లీనెక్స్ అనే పల్చటి కాగితపు రుమాళ్ళని 1924లో ముఖానికి రాసుకున్న కోల్డ్ క్రీమ్ తుడుచుకోవడానికని అమ్మారు. కొన్నవాళ్ళు వాటితో ముక్కు చీదుకుంటున్నామని ఉత్తరాలు రాశారు. కంపెనీ వాళ్ళతో వాదించలేదు. ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియా ఊళ్ళో పత్రికలో కూపన్లు వేసి, మీరు దేనికి వాడతారని అడిగింది. సగానికి పైగా జనం ముక్కుకే అన్నారు. దాంతో ప్రకటనే మార్చేసి, ‘జలుబును జేబులో పెట్టుకుని తిరగకండి’ అన్నారు. తడిసిన చేతిరుమాలును మళ్ళీ మళ్ళీ జేబులో కుక్కుకునేవాళ్ళకి అంతకంటే ఏం చెప్పాలి? నేను రాయాల్సిన వాక్యం అది.