మాఫియా సీరియల్ రాస్తున్న మేనకోడలికి

అమ్మాయ్,

నువ్వు పంపిన ఎపిసోడ్లు చదివాను. పరుగు బాగుంది. కానీ నీ డాన్ నోరు తెరిస్తే చాలు, విశ్వాసం, గౌరవం అంటూ ఉపన్యాసం దంచుతున్నాడు. కథ ఇటలీలోని సిసిలీలో పెట్టావు కాబట్టి ముందు అక్కడి పలెర్మో నగరంలో మాఫియావాళ్ల మీద జరిగిన విచారణ గురించి చదువు. క్రైమ్ పేజీ చూసిన రోజుల నుంచీ నన్ను వదలని కేసు అది.

టొమాసో బుషెట్టా అనే మాఫియా సభ్యుడు 1984లో జడ్జి ఫాల్కోనే ముందు నోరు విప్పాడు. అప్పటికే అతని ఇద్దరు కొడుకులు మాయమయ్యారు, తోడబుట్టినవాణ్ణి చంపేశారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టావంటే ఒప్పుకునేవాడు కాదు. కట్టు తప్పింది తన శత్రువు తోతో రీనా ముఠాయే, నేను కాదు అనేవాడు. ఈ మాట నీ పాత్ర చేత దర్జాగా చెప్పించు, నువ్వు మాత్రం నమ్మకు. రీనా ముఠా నాయకుడు కాకముందే, 1963లో, పలెర్మో శివార్లలోని చాకుల్లి దగ్గర కారు బాంబుకి ఏడుగురు పోలీసులు, సైనికులు చచ్చిపోయారు. పాతకాలపు పెద్దమనుషుల మాఫియా అంటూ ఏదీ లేదు.

1986లో కోర్టులో బుషెట్టానీ, పాత స్నేహితుడు పిప్పో కాలోనీ ఎదురెదురుగా నిలబెట్టారు. కాలో తనకేమీ తెలియదన్నాడు. మన ముఠావాణ్ణే నీ చేతులతో గొంతు నులిమి చంపావని బుషెట్టా ముఖం మీదే అన్నాడు. నీ వెన్నుపోటు సీనుకి అరుపులూ తుపాకులూ అక్కర్లేదు, ఇలా ఇద్దరినీ మాట్లాడనివ్వు.

గౌరవం చూపించాలంటే వాళ్ల పరిచయాల పద్ధతి వాడుకో. సభ్యుడు తనంతట తాను ఫలానా అని కొత్త సభ్యుడికి చెప్పుకోకూడదు. ఇద్దరినీ ఎరిగిన మూడోవాడు వచ్చి, ఇతనూ మనవాడేనని చెప్పాలి. ఆ మూడోవాడు రాకపోతే? ఎంత టెన్షన్ పుట్టించొచ్చో చూడు. వేలు గుచ్చి రక్తం తీసి, పవిత్ర పటం చేతిలో కాల్చే ప్రమాణం అందరూ రాసేదే, రెండు వాక్యాల్లో తేల్చెయ్.

ఆడవాళ్లనీ పిల్లల్నీ ముట్టుకోరన్నది పచ్చి అబద్ధం. తండ్రి అప్రూవర్ అయ్యాడని 1993లో జుసెప్పె ది మత్తేయో అనే పిల్లాణ్ణి ఎత్తుకుపోయి, రెండేళ్లకు పైగా బంధించి, 1996లో గొంతు నులిమి చంపి యాసిడ్‌లో కరిగించారు.

ఇక రీటా అత్రియా. తండ్రినీ అన్ననీ మాఫియావాళ్లు చంపేశాక, ఈ పదిహేడేళ్ల పిల్ల జడ్జి బోర్సెల్లీనో దగ్గరికెళ్లి తెలిసినదంతా చెప్పింది. తల్లి ఆమెతో తెగతెంపులు చేసుకుంది. 1992 జులైలో బాంబుతో బోర్సెల్లీనోని చంపారు. సరిగ్గా వారానికి రీటా ప్రాణం తీసుకుంది. తర్వాత ఆ తల్లి స్మశానానికి వెళ్లి, కూతురి సమాధి మీది ఫోటోని సుత్తితో పగలగొట్టింది. డాన్ ఉపన్యాసాలు రెండు తీసేసి ఇలాంటి తల్లిని రాయి. ఆమెని రాక్షసిని చెయ్యకు. పొరుగువాళ్లు తలుపులు వేసుకుంటుంటే ఆమె రొట్టెల కొట్టుకి ఎలా వెళ్లొచ్చిందో ఊహించు.

నాలుగో ఎపిసోడ్ మీ అమ్మకి చూపించకముందే నాకు పంపు. ఆవిడ బాగుందనేస్తుంది.

మావయ్య