గోరు తీశాక రక్తం ఆగలేదు: క్లినిక్ మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది మలికిపురం దగ్గర పల్లెటూరండి. మా నాన్నగారికి 61 ఏళ్లు, రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉంటారు. కుడికాలి బొటనవేలి గోరు కండలోకి దిగబడి చీము పట్టింది. పక్క టౌనులో ఒక ప్రైవేటు క్లినిక్‌లో గోరు ఒక పక్క కోసి తీశారు. 3,500 ఫోన్‌పేలో కట్టాం, బిల్లు ఇవ్వలేదు. పదిహేను నిమిషాల్లో పంపించేశారు. ఆటో దిగేసరికే కట్టు తడిసిపోయింది. మూడుసార్లు ఫోన్ చేస్తే "కాస్త కారుతుంది, అదే ఆగుతుంది" అన్నారు. కట్టు విప్పి కాఫీపొడి అద్ది మళ్లీ కట్టాం, ఆగలేదు. తెల్లారి అమలాపురంలో వేరే ఆసుపత్రిలో చేర్చితే రెండు రోజులు ఉంచారు, 18,400 అయింది. నాన్నగారికి గుండెలో స్టెంట్ ఉంది, రక్తం పలచబడేందుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు వాడుతున్నారు. ఆ సంగతి క్లినిక్‌లో ఎవరూ అడగలేదు. ఇంగ్లీషు కాగితం మీద మాత్రం సంతకం పెట్టించుకున్నారు. పోలీసు కేసు పెట్టమంటారా?

జవాబు: రక్తం కారిందన్న ఒక్క మాట పట్టుకుని వెళితే మీ కేసు నిలవదు. గోరు తీసిన వేలికి కొంత రక్తం కారడం మామూలే. మీ బలమంతా వేరేచోట ఉంది: కోసే ముందు అడగని ప్రశ్నలో, పదిహేను నిమిషాల్లో పంపేయడంలో, మూడు ఫోన్లకూ ఒకే జవాబు చెప్పడంలో.

ముందు వైద్యం సంగతి చూద్దాం. అవతలి లాయరు మొదలుపెట్టేది అక్కడి నుంచే. ఈ ఆపరేషన్‌కు వేలికి రెండు పక్కలా మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, వేలి మొదలు దగ్గర రబ్బరు పట్టీ బిగిస్తారు. పట్టీ ఉన్నంతసేపూ రక్తం రాదు, విప్పగానే ఒక్కసారిగా వేలిలోకి దిగుతుంది. అందుకే విప్పాక వేలి రంగు తిరిగి వచ్చిందో లేదో చూసి, కొన్ని నిమిషాలు అదిమి పట్టి, కారడం తగ్గాకే గాయానికి అంటుకోని పారాఫిన్ గాజ్ గుడ్డ వేసి, పైన మందంగా కట్టు కట్టాలి. ఒకటి రెండు రోజులు కట్టు మీద మరక కనిపిస్తే ఎవరి తప్పూ కాదు. ఇంటికి చేరేలోపే కట్టంతా తడిసి, రాత్రంతా ఆగకపోవడం మరక కిందకు రాదు.

ఇక మాత్రలు. "రక్తం పలచబడే మందులు వాడే మనిషికి గోరు తీయడమే నిర్లక్ష్యం" అని క్లినిక్‌కు పంపే లాయరు నోటీసులో రాయించకండి. స్టెంట్ ఉన్నవాళ్లకు ఆ మాత్రలు ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఇలాంటి చిన్న ఆపరేషన్లు మాత్రలు ఆపకుండానే చేయడం వైద్యంలో ఉన్నదే. ఆ వాక్యం రాస్తే అవతలివాళ్లు దాన్ని ఒక్క సాక్షితో కొట్టేస్తారు. మీరు రాయాల్సింది ఇది: మాత్రల సంగతి అడగలేదు. అడిగి ఉంటే ఎక్కువసేపు అదిమి పట్టేవారు, కాసేపు కూర్చోబెట్టి చూసేవారు, రాత్రికి రక్తం వస్తే ఏం చేయాలో చెప్పి పంపేవారు. అదే పనిలో ఉన్న మామూలు నైపుణ్యం గల డాక్టరు ఏం చేసేవాడన్నదే న్యాయస్థానం కొలత. దానికి ఈ మూడూ సరిగ్గా సరిపోతాయి.

వాళ్లు "అడిగాం, వీళ్లే చెప్పలేదు" అంటారు. దానికి సమాధానం రోగి వివరాలు రాసుకునే కేస్‌షీట్‌లో ఉంటుంది, లేదా కేస్‌షీటే లేకపోవడంలో ఉంటుంది. 2002 నాటి వైద్య నీతి నియమాల ప్రకారం రోగి గానీ అతని తరఫువాళ్లు గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటిమాటగా అడగొద్దు. కేస్‌షీట్, సమ్మతి పత్రం (మీతో సంతకం పెట్టించుకున్న ఇంగ్లీషు కాగితం), బిల్లు నకళ్లు కావాలని ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచండి. నోటీసు పంపేది దీని తర్వాతే. ముందే నోటీసు వెళితే కేస్‌షీట్‌లో కొత్త సిరాతో "మాత్రలు లేవని చెప్పారు" అన్న వాక్యం పుట్టుకొస్తుందేమోనన్న అనుమానం మిగిలిపోతుంది.

సంతకం గురించి బెంగపడకండి. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పింది: చేయబోయే పని, దాని ప్రమాదాలు రోగికి తెలిసేలా చెప్పి తీసుకున్నదే సమ్మతి. మీ నాన్నగారికి రాని భాషలో కాగితం మీద సంతకం ఉన్నంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ కాదు.

మీ వైపు ఉన్న లోటు కాఫీపొడి. కట్టు విప్పిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం ఊడి వచ్చి మళ్లీ కారుతుంది. పొడి వేస్తే గాయం మురికై చీము పట్టొచ్చు. ఫిర్యాదులో దాన్ని దాచకండి, రెండో ఆసుపత్రి కాగితాల్లో ఎలాగూ ఉంటుంది. పరిహారం కొంత తగ్గొచ్చు. కానీ ఏం చేయకూడదో చెప్పి పంపాల్సింది క్లినిక్కేనన్న వాదన మీకు ఉంది.

ఇది చదివే మిగతావాళ్లకు ఒక మాట. రక్తం వస్తుంటే మనిషిని పడుకోబెట్టి కాలు గుండె కంటే ఎత్తులో దిండ్ల మీద పెట్టండి. కట్టు విప్పకుండా పైన శుభ్రమైన గుడ్డ వేసి, గడియారం చూసుకుని 15 నిమిషాలు వదలకుండా అదమండి. మధ్యలో ఎత్తి చూడొద్దు. తడిస్తే పైన ఇంకో మడత వేయండి. వేలి మొదలు దగ్గర దారం, రబ్బరు బ్యాండు కట్టకండి, వేలు చచ్చుపడుతుంది. వేలు నల్లబడినా, తెల్లబడి మొద్దుబారినా కట్టు బిగువైందని అర్థం, వెంటనే వదులు చేయించాలి. అదిమినా ఆగకపోతే ఆసుపత్రికే. పలచబడే మాత్రలు వాడేవాళ్లు తెల్లారేదాకా ఆగొద్దు, ఆ మాత్రలు సొంతంగా మానొద్దు.

పోలీసు కేసు నేను వద్దంటాను. జాకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు గీత గీసింది: డాక్టరు మీద క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, పోలీసులు ముందు మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి. నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి ప్రమాదం తేవడం గురించిన భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద రాసినా మీ సంగతి అంతదాకా వెళ్లదు. గోరు కోసినాయన అసలు రిజిస్టరైన డాక్టరేనా అన్నది మాత్రం ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌లో సరిచూడండి. అర్హత లేని మనిషైతే లెక్కే మారిపోతుంది. జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి.

మీ దారి జిల్లా వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం సేవేనని 1995లో శాంత కేసులో తేలింది. క్లినిక్ ఏ ఊళ్లో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లా పరిధిలోని కమిషన్‌లోనే వేయొచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. బిల్లు లేకపోయినా ఫోన్‌పే రుజువు చాలు. మీరు ఫోన్ చేసిన సమయాలు, తడిసిన కట్టు ఫొటోలు తేదీతో సహా ప్రింటు తీసి, ఫోన్‌లోని రికార్డులకు కావాల్సిన 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయండి. రెండో ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో "చేరేటప్పుడు రక్తం కారుతోంది" అన్న మాట, రక్తం ఎంత తగ్గిందో చూపే హిమోగ్లోబిన్ అంకె ఉన్నాయో చూసుకోండి. లేకపోతే ఆ డాక్టరుగారిని మర్యాదగా రాసిమ్మని అడగండి. అన్ని కేసుల్లోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు చెప్పిన కిషన్‌రావు కేసు (2010) ఉన్నా, మీ కేసులో ఆ ఒక్క పేజీ చాలా పని చేస్తుంది.

18,400, పోయిన కూలి, ఆటో ఖర్చులు, పడ్డ బాధకు ఒక మోస్తరు సొమ్ము అడగండి. లక్షల్లో అడిగితే మిగతా అంకెల మీద నమ్మకం పోతుంది. ఇంత చిన్న మొత్తానికి, ముందు రాజీకి ప్రయత్నించే శాశ్వత లోక్ అదాలత్ కూడా చూడండి, ఆసుపత్రి సేవలు దాని పరిధిలోకి వస్తాయి. రాజీ కుదరకపోతే అదే తీర్పు ఇస్తుంది. అయితే అక్కడ వేశాక అదే గొడవతో ఇంకో కోర్టుకు వెళ్లలేరు, కాబట్టి రెండిట్లో ఒకటే ఎంచుకోండి. కమిషన్‌కే వెళ్తే గడువు రెండేళ్లు, గోరు తీసిన రోజు నుంచి లెక్కేసుకోండి.