టెక్ సందేహాలు: లైబ్రరీ యాప్‌కు మీ ఎస్సెమ్మెస్‌లతో పనేంటి?

ఉగాది దాటగానే మా అనంతపురంలో రెండు మొదలవుతాయి. ఒకటి ఎండ, రెండోది యూనివర్సిటీ లైబ్రరీల హడావుడి. ఏప్రిల్ 23 ప్రపంచ పుస్తక దినోత్సవం కాబట్టి పుస్తకాల ప్రదర్శన, ఒక రచయితతో ముచ్చట, రీసెర్చ్ స్కాలర్లకు ఒకరోజు వర్క్‌షాప్, పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి రీడింగ్ రూమ్ రాత్రి పొద్దుపోయేదాకా, వీటికి తోడు ఏదో ఒక ‘కొత్త సర్వీసు’. పిల్లలు ఏప్రిల్‌లో లైబ్రరీకి రావడానికి సగం కారణం ఏసీ అని నాకు తెలుసు, నేను చదివే రోజుల్లో ఫ్యాన్ కింది కుర్చీ కోసం కొట్టుకునేవాళ్లం, కాబట్టి దాని జోలికి పోను. కొత్త సర్వీసుల గురించే మాట్లాడతాను, ఎందుకంటే ఈమధ్య నాకొచ్చిన మెయిళ్లలో ఎక్కువ భాగం వాటి మీదే. ఏ లైబ్రరీ అని మాత్రం అడగొద్దు. ఒక్కచోటు గోల కాదిది.

తాడిపత్రి అమ్మాయి రాసింది ముందు చూద్దాం. “సార్, మా లైబ్రరీకి కొత్త యాప్ వచ్చింది. గోడ మీద క్యూఆర్ కోడ్ పెట్టారు, క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఫైల్ కూడా పెట్టారు. ఇన్‌స్టాల్ చేయబోతే ఇది ప్రమాదం కావచ్చు అని ఫోన్ అడ్డుపడుతోంది. మా సీఆర్, అదే క్లాస్ రిప్రజెంటేటివ్, ఏమో ఏం కాదు, అలౌ కొట్టు అంటున్నాడు. కొట్టొచ్చా?”

వద్దమ్మా. సీఆర్ చెప్పినా వద్దు, లైబ్రేరియన్ గారు చెప్పినా వద్దు. ఇదే ప్రశ్న గుత్తి నుంచి, ఆదోని నుంచి, కడప నుంచి కూడా వచ్చింది, అందరికీ ఇదే జవాబు.

ప్లే స్టోర్‌లో లేకుండా వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైల్, అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను నేరుగా ఇన్‌స్టాల్ చేసే ఫైల్, ఏమిటో ఇప్పటికి అందరికీ తెలిసి ఉండాలి. ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చేది అదే, పెళ్లి శుభలేఖ పేరుతో వచ్చేది అదే, బ్యాంకు కేవైసీ, పీఎం కిసాన్ పేర్లతో వచ్చేదీ అదే. ఇన్‌స్టాల్ కాగానే ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఇచ్చామా, బ్యాంకు పంపే ఓటీపీ మనం చూసేలోపే అవతలివాడికి చేరిపోతుంది. ఇంకా ముదిరిన రకం యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. అది చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సౌకర్యం, స్క్రీన్ మీద ఏముందో చదివి వినిపిస్తుంది, మన బదులు బటన్లు నొక్కుతుంది. దొంగకు కావాల్సిందీ సరిగ్గా అదే. అందుకే ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటినుంచి తెచ్చిన యాప్‌లకు ఈ అనుమతి నేరుగా దొరక్కుండా ఒక గడియ పెట్టారు. ఆ గడియ ఎట్లా తీయాలో దొంగలు వాట్సాప్‌లో వీడియో పెట్టి మరీ నేర్పిస్తారు.

లైబ్రరీ వాళ్ల యాప్ నిజమైనదే కావచ్చు. ఎవరో ఫైనలియర్ కుర్రాళ్లు ప్రాజెక్టు కింద మంచి మనసుతోనే చేసి ఉండొచ్చు. నా కోపం దాని మీద కాదు. సైబర్ పోలీసులు ఊరూరా తిరిగి తెలియని ఫైల్ తెరవొద్దు, హెచ్చరిక వస్తే ఆగండి అని చెబుతుంటే, ఒక యూనివర్సిటీయే తన పిల్లలను కూర్చోబెట్టి హెచ్చరిక వచ్చినా పట్టించుకోకుండా అలౌ కొట్టడం అలవాటు చేస్తోంది. రేపు పరీక్ష ఫీజు అని ఒకడు, స్కాలర్‌షిప్ అని ఇంకొకడు ఇట్లాంటి ఫైలే పంపితే ఈ పిల్ల ఎందుకు ఆగుతుంది? ఒకసారి కొట్టిన చెయ్యే కదా. పైగా మన ఇళ్లల్లో సంగతి తెలిసిందే, పిల్ల ఫోన్లో ఉండే సిమ్ నాన్న పేరు మీద ఉంటుంది, శనక్కాయలు అమ్మిన డబ్బు పడే బ్యాంకు ఖాతాకు ఆ నంబరే లింకు. పోయేది ఆ అమ్మాయి పాకెట్ మనీ కాదు.

ఇంతకీ ఆ యాప్ స్క్రీన్‌షాట్ పంపమంటే పంపింది. కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు, లొకేషన్, అన్నీ అడుగుతోంది. పుస్తకం ఉందో లేదో చూసుకోవడానికి మా అత్తగారి ఫోన్ నంబరు దేనికప్పా! ఓటీపీ దానంతటదే పడాలని ఎస్సెమ్మెస్ అడిగామంటారేమో, దానికి మొత్తం ఇన్‌బాక్స్ చదవనక్కర్లేదు, వేరే పద్ధతులు వచ్చి ఏళ్లయింది. అసలు యాప్ ఎందుకు? చాలా యూనివర్సిటీలు వాడే కోహా లాంటి సాఫ్ట్‌వేర్‌లో పుస్తకాల జాబితా, రెన్యువల్, రిజర్వేషన్ అన్నీ మొబైల్ బ్రౌజర్లోనే పనిచేస్తాయి. 1999లో న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతీయ లైబ్రరీ కోసం రాసి, ఆ తర్వాత ప్రపంచానికంతా ఉచితంగా వదిలిన సాఫ్ట్‌వేర్ అది, మావోరీ భాషలో కోహా అంటే కానుక. ఆ పేజీ తెరిచి బ్రౌజర్ మెనూలో హోమ్ స్క్రీన్‌కు చేర్చుకుంటే ఐకాన్ కూడా వచ్చేస్తుంది. ఇంకేం కావాలి?

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసినవాళ్లు సెట్టింగ్స్‌లో ఆ యాప్ అనుమతులన్నీ తీసేసి, తర్వాత యాప్‌నే తీసేయండి. తీసేయబోతే పోకపోయినా, ఐకాన్ మాయమైపోయినా, ఖాతాలోంచి రూపాయి కదిలినా అది లైబ్రరీ యాప్ కాదు, వేరే ఏదో. వెంటనే నెట్ ఆపేసి, ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకూ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెట్టేవాళ్లే ఎక్కువగా నష్టపోతున్నారు.

గోడ మీద క్యూఆర్ కోడ్ గురించి కూడా ఒక మాట. కాగితం ప్రింటు తీసి గోడకంటించిన కోడ్ మీద ఇంకో కాగితం అంటించడానికి ఎంతసేపు? ముఖ్యంగా ఫైన్ కట్టమని పెట్టే కోడ్ దగ్గర, పిన్ కొట్టేముందు స్క్రీన్ మీద ఎవరి పేరు వస్తుందో చదవండి. యూనివర్సిటీ పేరు కాకుండా మనిషి పేరు వస్తే కౌంటర్‌లో అడగండి. గుమాస్తా విసుక్కుంటే విసుక్కోనీ.

ఆదోని కుర్రాడిది వేరే బాధ. తన లైబ్రరీ ఖాతాలో ఎవరో దూరి తను అడగని పుస్తకాలు రిజర్వ్ చేశారట, తను రిజర్వ్ చేసుకున్నవి రద్దు చేశారట. పాస్‌వర్డ్ ఏమిటని అడిగితే పుట్టినతేదీ అన్నాడు. లాగిన్ ఐడీ హాల్ టికెట్ నంబరు. హాల్ టికెట్ నంబర్లు వరుసగా ఉంటాయి, ముందోడిది తెలిస్తే వెనకోడిది తెలిసినట్టే, పుట్టినరోజు సంగతి వాట్సాప్ స్టేటస్‌లో కేకుతో సహా కనబడుతుంది. బాబూ, నీ తప్పు పావలా, అట్లా పెట్టినవాళ్లది ముప్పావలా. మొదటిసారి లాగిన్ కాగానే పాస్‌వర్డ్ మార్చకపోతే ముందుకు పోనివ్వకుండా చేయడం ఏమంత కష్టమని?

ఇక రీసెర్చ్ స్కాలర్ల ఫిర్యాదు. “వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది, అన్నీ ఫ్రీ అని వర్క్‌షాప్‌లో చెప్పారు. ఇంటికొచ్చి తెరిస్తే ఒక్కో వ్యాసానికి డాలర్లు అడుగుతోంది.” వర్క్‌షాప్‌లో చెప్పింది అబద్ధం కాదు, సగమే చెప్పారు. 2025 జనవరి 1 నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ పథకం అది, 3 ఏళ్లకు 6,000 కోట్లు కేటాయించారు, 30 మంది ప్రచురణకర్తలవి దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతాయి. క్యాంపస్‌లో నెట్ వాడుతున్నప్పుడు అవతలి సైట్ మీ యూనివర్సిటీ నెట్ చిరునామా, అదే ఐపీ అడ్రసు, చూసి లోపలికి పంపుతుంది. ఇంట్లో మీ జియోనో ఎయిర్‌టెలో చూసి, మీరెవరో దానికేం తెలుసు, డబ్బులడుగుతుంది. దీనికి యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం వాళ్ల ఇన్‌ఫెడ్ లాగిన్ ఉంది. మీ లైబ్రరీలో అడిగి ఆ లాగిన్ తీసుకోండి, జర్నల్ సైట్‌లో సంస్థ ద్వారా లాగిన్ అనేచోట నొక్కి, ఇన్‌ఫెడ్ ఎంచుకుని, మీ యూనివర్సిటీ పేరు వెతకండి. వచ్చేస్తుంది.

ఆ లాగిన్ మాత్రం గ్రూప్స్‌కు చదివే మీ అన్నకో, టెలిగ్రామ్‌లో పరిచయమైనవాడికో ఇవ్వొద్దు. ఎవడో కూర్చుని ఒక జర్నల్ సంచికలన్నీ ప్రోగ్రామ్ పెట్టి వరసగా దించుకున్నాడంటే, ప్రచురణకర్త ఆ ఒక్క ఖాతాతో ఆగడు, మొత్తం యూనివర్సిటీకే ఆపేయగలడు. అప్పుడు థీసిస్ సబ్మిట్ చేయాల్సిన వాళ్లంతా మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తారు.

థీసిస్ అంటే గుర్తొచ్చింది, కాపీ శాతం చూసుకోవడానికి ఊరూపేరూ లేని ఉచిత సైట్లలో థీసిస్ మొత్తం అప్‌లోడ్ చేస్తున్నవాళ్లున్నారు. 10 శాతం దాటితే 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం చిక్కే, టెన్షన్ నాకర్థమవుతుంది. కానీ ఆ సైటువాడు మీ ఫైలును ఏం చేస్తాడో అడిగారా? ప్రభుత్వం శోధ్‌శుద్ధి పేరుతో 2019 నుంచి యూనివర్సిటీలకు ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఇస్తోంది. ఆలస్యమైనా లైబ్రరీలోనే చూపించుకోండి.

“కియోస్క్‌లో పుస్తకాలు తిరిగిచ్చాను, అయినా ఒకదానికి ఫైన్ పడుతోంది” అని నందికొట్కూరు నుంచి ఒకరు. రెండు పలచటి పుస్తకాలు ఒకదానిమీద ఒకటి పెట్టి ఉంటారు. లోపల అంటించిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు, అంటే మెషీన్ రేడియో తరంగాలతో చదివే చిప్పులు, సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడితే రెండూ గందరగోళపడతాయి, మెషీన్ ఒకదాన్నే చదువుతుంది. ఒక్కొక్కటే పెట్టండి, స్క్రీన్ మీద లెక్క సరిపోయిందో చూడండి, రశీదు రాకపోతే ఫోటో తీసుకోండి. ఈ మెషీన్ల మీద నాకు పెద్దగా అభిమానం లేదు. పాఠకుడి సమయం ఆదా చెయ్ అని మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారు 1931లోనే ఒక సూత్రం రాసిపెట్టారు, ఇప్పుడు కియోస్క్ ముందు క్యూ, అది మొరాయిస్తే మళ్లీ కౌంటర్ ముందు క్యూ.

పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లన్నీ షార్ట్‌కట్లుగా మారాయన్నవాళ్లకు: డిజిటల్ లైబ్రరీ కంప్యూటర్లో పెట్టారు, అంటుకుంది. ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, దాక్కున్నాయి. ఆ షార్ట్‌కట్ల మీద మాత్రం క్లిక్ చేయొద్దు, మంచి యాంటీవైరస్ ఉన్న సిస్టమ్‌లో తుడిపించుకోండి. 2025 అక్టోబరుతో ఉచిత అప్‌డేట్లు ఆగిపోయిన విండోస్ 10తోనే ఇంకా వరసలకు వరసలు కంప్యూటర్లు నడుపుతుంటే వైరస్‌కు అంతకన్నా పండగేముంది.

చివరిది ప్రొద్దుటూరు నుంచి, తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నావిడ. “మా లైబ్రరీ పాత థీసిస్‌లన్నీ ఆన్‌లైన్‌లో పెట్టామని ప్రకటించింది. కైఫియత్తులు (పాతకాలం ఊళ్ల చరిత్రలు) అని కొడితే ఒక్కటీ రావట్లేదు. ఆ పేరుతో థీసిస్ ఉందని నాకు ఖాయంగా తెలుసు, బీరువాలో చూశాను. నా ఫోన్ కీబోర్డులో ఏమైనా లోపమా?”

లోపం మీది కాదమ్మా. ఆ థీసిస్ అను ఫాంట్లలో టైపు చేసి ఉంటారు. కంటికి తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం అది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగాపులగం, వాటికి తెలుగు బొమ్మలు తొడిగారంతే. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేసి చూడండి, మీకే తెలుస్తుంది. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో ఒకే లెక్క పెట్టిన యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. ఆ తర్వాత కూడా మన డీటీపీ సెంటర్లు, ప్రెస్‌లు, తెలుగు శాఖలు అనులోనే ఉండిపోయాయి, ఎందుకంటే ప్రింటు అందంగా వస్తుంది, ఆపరేటర్లకు కీబోర్డు అలవాటు. ఇప్పుడు లైబ్రరీలేమో ఆ ఫైళ్లనే, లేదా కాగితాలను ఫోటో తీసినట్టు స్కాన్ చేసి, అట్లాగే ఎక్కించి, ఎన్ని వేల పేజీలు డిజిటైజ్ చేశామో బ్యానర్ కడుతున్నాయి. వెతికితే దొరకని పేజీని డిజిటైజ్ చేయడమంటే బీరువా తాళం మార్చడమే. కడపలో ఆ బ్రౌన్ దొర తన సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్రాలు చదివించి, పాఠాలు సరిచూయించి, కాగితం మీదికి ఎక్కించాడు, 1852లో ఆయన అచ్చువేసిన నిఘంటువులో మాట ఇవాళ క్షణంలో ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. మొన్న 2008లో మన మాస్టారు కంప్యూటర్లో కొట్టించిన థీసిస్‌లో మాట దొరకదు.

మీకు ఇప్పటికిప్పుడు పనికొచ్చేది చెబుతాను. శీర్షిక తెలుగులో కాకుండా ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి చూడండి, చాలా లైబ్రరీలు వివరాలు అట్లాగే నమోదు చేస్తాయి, కైఫియత్ అనే మాటకు రెండు మూడు రకాల స్పెల్లింగులు ప్రయత్నించండి. దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైట్‌లో గైడ్ పేరుతో కూడా వెతకండి. ఫైల్ దొరికాక, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, వత్తుల దగ్గర తప్పులు వస్తాయి, దిద్దుకోవాలి. స్కాన్ అయితే బొమ్మలోని అక్షరాలను టైపు చేసిన అక్షరాలుగా మార్చే టెస్సరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్‌కు తెలుగు వచ్చు, పాత అచ్చు దగ్గర తడబడుతుంది. ఇంతకీ మీ థీసిస్ దేంట్లో టైపు చేయిస్తున్నారు?