లేబర్ రూమ్ నర్సుకు ‘పార్ట్‌నర్‌షిప్స్’ ఉద్యోగం సరిపోతుందా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేసి రెండేళ్లుగా లేబర్ రూమ్‌లో పనిచేస్తున్నాను. ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు, ఐక్యరాజ్యసమితి సంస్థలు ఇచ్చే ప్రకటనల్లో ‘తల్లీబిడ్డల ఆరోగ్యం – పార్ట్‌నర్‌షిప్స్ ఆఫీసర్’ అనే ఉద్యోగాలు కనిపిస్తున్నాయి. వాళ్లు రోజంతా ఏం చేస్తారో ఎంత చదివినా అర్థం కావడం లేదు. మీటింగులు పెట్టడమేనా? నర్సులను తీసుకుంటారా? ఇంట్లో ఎంబీఏ చేయమంటున్నారు, సీనియర్లు ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) అంటున్నారు. పైగా నేను నలుగురిలో గట్టిగా మాట్లాడే మనిషిని కాను. అదే పెద్ద టెన్షన్.

జవాబు: మీటింగులు ఉంటాయి, చాలానే ఉంటాయి. అసలు పని మాత్రం ఒక మీటింగుకీ ఇంకో మీటింగుకీ మధ్య జరుగుతుంది. ఎవరు ఏం చేస్తామన్నారు, చేశారా, చేయకపోతే ఎక్కడ ఆగింది, డబ్బు ఎవరి ఖాతాలో ఇరుక్కుంది... ఇవన్నీ వెంటాడి తేల్చడమే ఆ ఉద్యోగం. ఇద్దరినీ కలిపి పక్కకు తప్పుకునే పెళ్లిళ్ల పేరయ్య పని కాదిది. సంతకాలు అయ్యాకే మొదలవుతుంది.

ఒక ఆరోగ్య శాఖకు ఇంతమంది భాగస్వాములు ఎందుకు అనే సందేహానికి మంచి సమాధానం 1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు ప్రచురించిన ‘మూడు ఆలస్యాలు’ విశ్లేషణలో ఉంది. ప్రమాదంలో ఉన్న గర్భిణి విషయంలో ఆలస్యం మూడు చోట్ల జరుగుతుందని వాళ్లు చెప్పారు. ఆసుపత్రికి వెళ్లాలని ఇంట్లో నిర్ణయించుకోవడంలో ఒకటి, ఆసుపత్రిని చేరుకోవడంలో ఒకటి, చేరాక సరైన వైద్యం అందడంలో ఒకటి. మీరు రెండేళ్లుగా చూస్తున్నది మూడోదాన్ని. మొదటి రెండింటి ఫలితం మాత్రం మీ బల్ల మీదికే వస్తుంది.

ఇప్పుడు ఈ మూడింటిలో ఆరోగ్య శాఖ చేతిలో పూర్తిగా ఉన్నది ఏది? నిజానికి మూడోది కూడా పూర్తిగా లేదు. ఇంటి నిర్ణయం కుటుంబానిది. అక్కడ మహిళా సంఘాల మాట, గ్రామ స్థాయి కార్యకర్త మాట చెల్లుతుంది, శాఖ సర్క్యులర్ చెల్లదు. దారి రవాణా శాఖది, అంబులెన్స్ నడిపే సంస్థది. ఆసుపత్రిలోనైనా రక్తం వేరే బ్యాంకు నుంచి రావాలి, మందులు కొనుగోలు విభాగం పంపాలి, డాక్టర్ ప్రైవేటు మనిషి కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో దాదాపు 2 లక్షల 60 వేల మంది మహిళలు గర్భం, ప్రసవ కారణాలతో చనిపోయారు. లక్ష సజీవ జననాలకు మాతృ మరణాలను 70 కంటే తక్కువకు తేవాలన్నది 2030కి ప్రపంచ దేశాలు పెట్టుకున్న లక్ష్యం. ఒక్క శాఖ ఒంటరిగా చేయగలిగితే ఈపాటికి చేసేసేది.

ఈ ఉద్యోగం బాగా చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే నేను కాలిఫోర్నియా ఉదాహరణ చెబుతాను. అక్కడ మాతృ మరణాలు పెరుగుతున్నాయని గమనించాక రాష్ట్ర ప్రజారోగ్య శాఖ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కలిసి 2006లో ఒక భాగస్వామ్య సంస్థను మొదలుపెట్టాయి. పేరు కాలిఫోర్నియా మెటర్నల్ క్వాలిటీ కేర్ కొలాబరేటివ్. వాళ్లు ముందుగా అవగాహన ప్రచారం మొదలుపెట్టలేదు. చనిపోయిన ఒక్కొక్క తల్లి రికార్డునూ నిపుణుల కమిటీ కూర్చుని చదివింది. అధిక రక్తస్రావం, గర్భిణికి బీపీ ప్రమాదకరంగా పెరగడం లాంటి కారణాలతో జరిగిన మరణాల్లో చాలావరకు ఆపగలిగినవేనని తేలింది. ఆ తర్వాతే ఆసుపత్రుల దగ్గరికి వెళ్లారు. రక్తస్రావానికి కావలసిన సామానంతా ఒకే బండిలో సిద్ధంగా ఉంచడం, పోయిన రక్తాన్ని కంటి అంచనాతో వదిలేయకుండా తూచి కొలవడం, ఏ దశలో ఎవరిని పిలవాలో ముందే రాసిపెట్టుకోవడం, అందరూ కలిసి డ్రిల్స్ చేయడం. వినడానికి ఇందులో గొప్ప ఏముంది అనిపిస్తుంది. 2006 నుంచి 2013 మధ్య ఆ రాష్ట్రంలో మాతృ మరణాల రేటు సగానికి పైగా తగ్గింది. అదే కాలంలో అమెరికా మొత్తం మీద అలాంటి తగ్గుదల లేదు. తగ్గిందంతా దీనివల్లే అని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు గానీ, ఈ కృషికి అందులో పెద్ద వాటా ఉందని చాలామంది ఒప్పుకుంటారు.

ఇందులో పార్ట్‌నర్‌షిప్స్ మనిషి ఎక్కడున్నారు? ఒకదానికొకటి పోటీగా ఉండే ఆసుపత్రులు తమ లోపాల లెక్కలు బయటికి ఇవ్వడానికి ఎందుకు ఒప్పుకుంటాయో ఆలోచించండి. ఆ లెక్కలు ఎవరు చూస్తారు, ఎవరు చూడకూడదు, పేరు బయటపడుతుందా, దీన్ని శిక్షకు వాడతారా... ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు ఇస్తేనే డేటా వస్తుంది. ఆ రాత రాసేది, రాయించేది, న్యాయ విభాగంతో ఆమోదం వేయించేది మీరు అడుగుతున్న ఉద్యోగులే. నన్నడిగితే అందరూ ఒకే లెక్కను ముందు పెట్టుకోకుండా ఏ భాగస్వామ్యమూ ఏడాది దాటదు. ఫొటోలు మిగులుతాయి, అంతే.

ఇంకో ఉదాహరణ అంత సంతోషకరమైనది కాదు, కానీ మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. 2005లో గుజరాత్ ప్రభుత్వం చిరంజీవి యోజన మొదలుపెట్టింది. పేద కుటుంబాల ప్రసవాలకు ప్రైవేటు ప్రసూతి వైద్యులతో ఒప్పందం చేసుకుంది. నూరు ప్రసవాలను ఒక ప్యాకేజీగా లెక్కగట్టి, మామూలు కాన్పుకైనా సిజేరియన్‌కైనా సగటున ఒకే మొత్తం వచ్చేలా చెల్లింపు పెట్టింది. అనవసరంగా ఆపరేషన్ చేస్తే డాక్టర్‌కు లాభం ఉండకూడదన్నది ఆలోచన. ఒప్పందం రాయడంలో ఇంత తెలివి అరుదుగా కనిపిస్తుంది. పథకానికి అంతర్జాతీయంగా మంచి పేరూ వచ్చింది. అయితే 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం, పథకం అమలైన చోట్ల ఆసుపత్రి కాన్పులు దానివల్ల చెప్పుకోదగ్గ స్థాయిలో పెరిగినట్టు గానీ, కుటుంబాల ఖర్చు తగ్గినట్టు గానీ ఆధారం దొరకలేదని చెప్పింది. దాని మీద వాదోపవాదాలు ఉండొచ్చు. మీరు గుర్తుపెట్టుకోవలసింది మాత్రం ఒకటి: ఫలితాన్ని ఎలా కొలుస్తాం, ఎవరు కొలుస్తారు అన్నది సంతకం రోజే ఒప్పందంలో ఉండాలి. ఇంటర్వ్యూలో ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కన పెట్టి మాట్లాడగలిగితే అక్కడున్నవాళ్లు తల ఎత్తి చూస్తారు.

ప్రైవేటు కంపెనీలతో పని ఇంకో రకం తలనొప్పి. దక్షిణాఫ్రికా ఆరోగ్య శాఖ 2014లో మామ్‌కనెక్ట్ అనే మొబైల్ సందేశాల సేవ మొదలుపెట్టినప్పుడు మొబైల్ కంపెనీలు, దాతలు, స్వచ్ఛంద సంస్థలు, ఒక పెద్ద ఔషధ కంపెనీ కలిసి వచ్చాయి. గర్భిణి తన ఫోన్ నుంచి నమోదైతే నెలలను బట్టి సందేశాలు వస్తాయి. క్లినిక్‌లో జరిగిన దానిపై ఫిర్యాదు కూడా అందులోనే పంపవచ్చు. నాకు నచ్చింది ఆ ఫిర్యాదు ఏర్పాటే. సందేశాలు పంపడం చాలామంది చేస్తారు, జవాబు వినడానికి ఒప్పుకునే శాఖలు తక్కువ.

ఎవరితో చేయి కలపకూడదో తెలియడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. పాలపొడి కంపెనీల ప్రచారం తల్లిపాలను దెబ్బతీస్తోందని 1981లో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల మార్కెటింగ్‌పై ఒక అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. రేపు అలాంటి కంపెనీ ఒకటి ‘మీ తల్లుల శిక్షణ కార్యక్రమానికి మేం స్పాన్సర్ చేస్తాం’ అని వస్తుంది. మీ పైఅధికారికి నిధులు కావాలి. అప్పుడు కాగితం మీద, మర్యాదగా, కారణాలతో ‘వద్దు’ అని రాయవలసింది మీరే. ఆ నియమావళి ఇప్పుడే చదవండి, చిన్నదే.

ఇక చదువు. ఎంపీహెచ్ చేయండి. ఎంబీఏ చెడ్డదని కాదు. మీకు వైద్యం వైపు పునాది ఉంది, లేనిది జనాభా స్థాయిలో లెక్క చూసే అలవాటు. అది ఎంపీహెచ్‌లో వస్తుంది. కాలేజీ పేరు కంటే సిలబస్ చూడండి. ఎపిడెమియాలజీ (జనంలో వ్యాధుల తీరు చదవడం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు)తో పాటు హెల్త్ ఫైనాన్సింగ్, ప్రోగ్రామ్ మూల్యాంకనం ఉన్న కోర్సు అయితే మంచిది. బడ్జెట్ చదవడం రాని వ్యక్తిని ఈ రంగంలో ఎవరూ ఎక్కువ కాలం పట్టించుకోరు. అమెరికాలో 1935 నాటి సామాజిక భద్రతా చట్టంలోని టైటిల్ ఫైవ్ అనే భాగం కింద తల్లీబిడ్డల ఆరోగ్యానికి ఇప్పటికీ నిధులు వస్తున్నాయి. అక్కడి కేంద్రం ఇచ్చే ప్రతి 4 డాలర్లకు రాష్ట్రం 3 డాలర్లు కలపాలి, ఐదేళ్లకోసారి అవసరాల అంచనా వేసి చూపించాలి. తమ డబ్బు కూడా ఉంది కాబట్టి రాష్ట్రాలు పట్టించుకుంటాయి. ఏ ఒప్పందమైనా చేతికి వస్తే ముందు ఎవరి డబ్బు ఎంత అని చూడటం అలవాటు చేసుకోండి.

ఫీజు కట్టేలోపు మీ వార్డులోనే చేయగలిగింది ఒకటుంది. వేరే ఆసుపత్రుల నుంచి రిఫర్ అయి వచ్చిన కేసుల రిజిస్టర్ తీసుకుని, మీ ఇన్‌ఛార్జి అనుమతితో, రోగుల పేర్లు లేకుండా, ఒక్కొక్కరూ ఏ ఆలస్యం వల్ల ఆ స్థితిలో వచ్చారో పైన చెప్పిన మూడు ఆలస్యాల కింద విడదీయండి. ఒక పేజీలో రాయండి. దాన్ని మీ విభాగాధిపతికి చూపించి, పంపే ఆసుపత్రి వాళ్లతో ఒక్కసారి కూర్చునే అవకాశం అడగండి. రిఫరల్ చీటీలో ఏయే వివరాలు తప్పకుండా ఉండాలో రెండు వైపులా ఒప్పుకుంటే చాలు. అదే మీ మొదటి భాగస్వామ్యం. రెజ్యూమెలో రాసుకోవడానికి సర్టిఫికెట్ల కంటే బలమైన విషయం.

మాట్లాడటం గురించి అంత భయం వద్దు. ఈ పనిలో గట్టిగా మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. కొరతగా ఉన్నది మీటింగ్ అయిన మర్నాడే ‘ఎవరు, ఏమిటి, ఎప్పటిలోగా’ అని అర పేజీలో రాసి అందరికీ పంపేవాళ్లు. ఇది క్రమం తప్పకుండా చేసే మనిషి మాటకు కొన్నాళ్లకు దానంతటదే బరువు వస్తుంది. షిఫ్ట్ మారేటప్పుడు హ్యాండోవర్ ఇచ్చే అలవాటు మీకు ఉంది కదా, మీకు కష్టం కాదు.

ఉద్యోగ భద్రత విషయం దాచను. ఈ పోస్టుల్లో చాలా భాగం కాంట్రాక్టువే, ప్రాజెక్టు నిధులను బట్టి నడుస్తాయి. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని నిలిపివేసినప్పుడు ఎన్నో దేశాల్లో ఆరోగ్య కార్యక్రమాల సిబ్బంది ఉన్నపళంగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అందుకే నర్సింగ్ రిజిస్ట్రేషన్‌ను ఎప్పటికప్పుడు రెన్యువల్ చేయించుకోండి, దాన్ని ఎట్టి పరిస్థితుల్లో వదలొద్దు. అవకాశం ఉంటే ఒకే దాత మీద ఆధారపడిన ప్రాజెక్టు కంటే ప్రభుత్వ బడ్జెట్‌లోంచి జీతం వచ్చే ప్రోగ్రామ్ పోస్టును ఎంచుకోండి. జీతం కొంచెం తక్కువైనా సరే.

నర్సులను తీసుకుంటారా అన్నారు. తీసుకుంటారు. ‘క్లినికల్ నేపథ్యం ఉంటే ప్రాధాన్యం’ అని ప్రకటనల్లో ఉంటే అది మీలాంటివాళ్ల కోసమే. ఆఫీసర్ పోస్టుకు అనుభవం చాలకపోతే ప్రోగ్రామ్ అసిస్టెంట్, క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్ నర్స్, ఫీల్డ్ మానిటర్ పోస్టులతో మొదలుపెట్టండి. ఇంటర్వ్యూలో ‘భాగస్వామి మాట తప్పితే ఏం చేస్తారు?’ అనే ప్రశ్న దాదాపు ఖాయం. ‘నచ్చజెబుతాను’ అని వదిలేయకండి. వాళ్లకు ఏం అడ్డమొచ్చిందో ముందు విడిగా అడుగుతాను, ఒప్పందంలో గడువు, ప్రత్యామ్నాయం ఏం రాసుకున్నామో చూస్తాను, అప్పటికీ కదలకపోతే ఏ స్థాయి అధికారి ముందు పెట్టాలో ముందే నిర్ణయించుకుని ఉంటాను అని చెప్పండి. రక్తం సమయానికి రాని రాత్రి మీరు లేబర్ రూమ్‌లో ఎవరెవరికి, ఏ వరుసలో ఫోన్ చేశారో ఉదాహరణగా చెప్పవచ్చు.