ఇంగ్లండ్‌లో తాగుడు మాన్పించే వైద్యం కౌన్సిల్ చేతిలో ఎందుకుంది? మా బావ విషయంలో చూసినది

ఇంగ్లండ్‌లో ఉన్న మీ తమ్ముడికి తాగుడు ఎక్కువైందని, జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి వెళ్తే కౌన్సిల్ సర్వీసుకు ఫోన్ చేయమన్నారని రాశారు. చెత్త ఎత్తే కౌన్సిల్‌కి, అంటే మన మునిసిపాలిటీ లాంటిదానికి, ఈ వైద్యంతో పనేమిటి, అక్కడ ఎవరు వైద్యం చేయాలో ఎవరు తేలుస్తారు అని అడిగారు. 2017లో మా అక్క కూడా ఇదే అడిగింది. మా బావను ఆ సర్వీసుకు తీసుకెళ్లింది నేనే. ఐదేళ్ల తర్వాత ఆ సర్వీసు నడిపే కాంట్రాక్టు ఎవరికివ్వాలో మార్కులు వేసి తేల్చే ప్యానెల్‌లో కుటుంబాల తరఫున కూర్చున్నాను.

ముందు ఒక్క మాట. మీ తమ్ముడు రోజూ తాగుతూ, పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయంటే, ఒట్టు వేయించుకుని ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మందులిస్తూ, కనిపెట్టుకుని ఉంటూ తగ్గించాలి. ఫిట్స్ వచ్చినా, మనిషి అయోమయంగా మాట్లాడినా వెంటనే 999కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చేయండి.

2013 ఏప్రిల్ దాకా ఈ పని ఎన్‌హెచ్ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) వైపు ఉండేది. 2012లో చేసిన చట్టంతో ప్రజారోగ్యం, దానితోపాటు ఈ వైద్యం, కౌన్సిళ్లకు వచ్చింది. కేంద్ర ప్రభుత్వం ఏటా పబ్లిక్ హెల్త్ గ్రాంట్ ఇస్తుంది, కౌన్సిల్ అందులోంచి ఖర్చు పెడుతుంది. కౌంటీ కౌన్సిల్ (పెద్ద ప్రాంతానిది), డిస్ట్రిక్ట్ కౌన్సిల్ (అందులో ఒక భాగానిది) రెండూ ఉన్నచోట చెత్త డిస్ట్రిక్ట్ చూస్తుంది, ఈ వైద్యం కౌంటీ చూస్తుంది. చాలామంది ఇక్కడే తికమక పడతారు. కౌన్సిల్ తానుగా డాక్టర్లను పెట్టుకోవడం అరుదు. ఈ ఊళ్లో ఎంతమందికి అవసరం, ఏమేం కావాలి అని లెక్క తీసి, టెండర్ పిలిచి, ఒక చారిటీకో (స్వచ్ఛంద సంస్థ) ఎన్‌హెచ్ఎస్ ట్రస్టుకో కాంట్రాక్టు ఇస్తుంది. దీన్నే కమిషనింగ్ అంటారు. మూడేళ్లకు ఇచ్చి, బాగుంటే మరో రెండేళ్లు పొడిగించడం మామూలు. (ఇదంతా ఇంగ్లండ్ సంగతి, స్కాట్లండ్, వేల్స్‌లో ఏర్పాటు వేరు.)

మా బావ మొదటి అపాయింట్‌మెంట్‌లో "రోజుకి రెండు పెగ్గులే" అన్నాడు. కీ వర్కర్, అంటే ఆయన కేసు చూసే సర్వీసు ఉద్యోగి, వాదించలేదు. ఖాళీ గ్లాసు, నీళ్ల సీసా ఇచ్చి, "మీరు ఒక పెగ్గుకి పోసుకునేంత పోయండి" అంది. బావ పోశాడు. ఆమె ఆ నీళ్లను కొలత గ్లాసులోకి వంపింది. సరిగ్గా వంద మిల్లీలీటర్లు. ఇక్కడ విస్కీ సింగిల్ (ఒక పెగ్గు) అంటే మామూలుగా 25 మిల్లీలీటర్లు, అది ఒక యూనిట్ (ఆల్కహాల్ కొలత). అంటే ఆయన రెండు పెగ్గులు ఎనిమిది యూనిట్లు, వారానికి 56. ఇక్కడి డాక్టర్లు వారానికి 14 దాటొద్దంటారు. బావ ఆ గ్లాసు వంక చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అక్కకు, నాకు నాలుగేళ్లుగా చేతకానిది ఆమె ఐదు నిమిషాల్లో చేసింది.

అలాంటి మనిషి మాకు ఎనిమిది నెలలే దక్కింది. మార్చి చివర్లో ఉత్తరం వచ్చింది: ఒకటో తారీఖు నుంచి సర్వీసు కొత్త సంస్థ చేతికి వెళ్తుందని. సాధారణంగా కాంట్రాక్టు మారినా సిబ్బంది కొత్త సంస్థకు బదిలీ అవుతారు, దానికి చట్టం ఉంది. కానీ మా కీ వర్కర్ ఆ గందరగోళం భరించలేక ముందే మానేసింది. కొత్తవాళ్ల దగ్గర అపాయింట్‌మెంట్‌కి మూడు వారాలు పట్టింది, మధ్యలో మాత్రలు అయిపోయాయి. రెండో వారంలో బావ మళ్లీ సీసా తెచ్చుకున్నాడు. కాగితం మీద సేవ ఒక్కరోజు కూడా ఆగలేదు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది దానికే.

అందుకే తర్వాతి టెండర్‌కు కుటుంబ సభ్యులు కావాలని కౌన్సిల్ అడిగినప్పుడు వెళ్లాను. ఎవరు ఏం రాశారో బయట చెప్పనని సంతకం పెట్టాను కాబట్టి ఆ వివరాలు చెప్పలేను. పద్ధతి మాత్రం చెప్పొచ్చు. ప్రతి ప్రశ్నకు సున్నా నుంచి ఐదు మార్కులు. సేవ నాణ్యతకు అరవై శాతం, ధరకు నలభై. ధర మాకు చూపించరు, అది ఫైనాన్స్ వాళ్ల పని. సంస్థ మారే రోజుల్లో పేషెంట్ మందులు ఆగకుండా ఏం చేస్తారు అనే ప్రశ్న విడిగా ఉండాలని నేను పట్టుబట్టాను, పెట్టారు.

ఇంకో విషయం. ఎవరికి ఏం అవసరమో తీసే లెక్కల్లో మనం "ఇండియన్" గడిలో కలిసిపోతాం, తెలుగువాళ్లని అందులో విడిగా కనిపించదు. మా బావ ఆఫీసు మీటింగులన్నీ ఇంగ్లీషులోనే నడిపేవాడు, కానీ కూతురి పుట్టినరోజున తాగి పడిపోయిన సంగతి ఇంగ్లీషులో చెప్పలేకపోయాడు. దుబాసి కావాలని అడిగేవాళ్లు లేకపోతే ఆ ఖర్చు కాంట్రాక్టులో ఉండదు. కాబట్టి మొదటి ఫోన్‌లోనే తెలుగు దుబాసి కావాలని అడగండి, ఇవ్వకపోయినా అడిగినట్టు రాసుకోమనండి.

అప్పటికంటే ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగు. ప్రభుత్వం కోరగా మాదకద్రవ్యాల సమస్యపై సమీక్ష చేసిన డాక్టర్ డేమ్ కరోల్ బ్లాక్ 2021లో ఇచ్చిన నివేదిక ఈ వ్యవస్థ ఎంత దెబ్బతిందో గట్టిగా చెప్పాక, ప్రభుత్వం మూడేళ్లకు 78 కోట్ల పౌండ్లు అదనంగా ప్రకటించింది. 2024 జనవరి నుంచి కాంట్రాక్టులిచ్చే నియమాలు కూడా మారాయి. ఉన్న సంస్థ బాగా చేస్తుంటే మళ్లీ పోటీ పెట్టకుండానే కొనసాగించే వీలుంది.

మీ తమ్ముడికి జీపీ ఉత్తరం అక్కర్లేదు, తనే నేరుగా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. తను ఉండే కౌన్సిల్ పరిధిలోని సర్వీసుకే వెళ్లాలి, ఇల్లు మారితే అదీ మారుతుంది. ఈ కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందని మొదటి రోజే అడగమనండి. రిహాబ్‌లో (అక్కడే ఉండి తాగుడు మానే కేంద్రం) చేర్చాలంటే ఖర్చుకు విడిగా అనుమతి కావాలి, దానికి టైం పడుతుంది, ముందే మాట ఎత్తండి. అతనికి ఫోన్ చేసే ధైర్యం చాలకపోతే మొదటి కాల్ మీరు చేయండి. అతని ఒప్పుకోలు లేకుండా వాళ్లు మీకేమీ చెప్పరు గానీ, మీరు చెప్పేది వింటారు. మా బావ విషయంలో మొదటి కాల్ నేనే చేశాను, కార్లో కూర్చుని, అక్కకు కూడా చెప్పకుండా.